సముద్రములేని సంస్థానము – సముద్రతీరపు కావలి

(ఒక పఠనమందిరమున జరిగిన ఉపన్యాసము)

సముద్రతీర రక్షణమును గూర్చి నల్లగొండలో ముచ్చటించుట కొందరికి వింతగా దోచవచ్చును. నల్లగొండ, పాలమూరు మెట్టసీమలలో చెరువుకట్టయే మనకు తీరము. అయినను సముద్రము మనకు బొత్తిగా పరాయిది కాదు. గోలకొండనుండి బందరు రేవునకు పోవు పాతబాట నల్లగొండ సీమగుండనే సాగెడిది. 1759లో బందరు ఆంగ్లేయుల వశమయ్యెను. 1766 సంధితో ఉత్తర సర్కారులును, 1788లో గుంటూరును నిజాము చేజారినవి. అటుపిమ్మట హైదరాబాదునకు తీరమే లేదు.

అట్టి సంస్థానపు సైన్యము 1941లో ఎచ్చట నిలిచెనో వినుడు. మలయా ఈశాన్యతీరమున కోటభారు అను పట్టణము కలదు. అచ్చటి విమానాశ్రయమునకు హైదరాబాదు సంస్థానపు మొదటి పదాతిదళమును కావలి యుంచిరి. ఇది బ్రిటిషిండియా సైన్యములోని 19వ హైదరాబాదు రెజిమెంటు కాదు. దానికి 1945లో కుమావూను రెజిమెంటని పేరు మార్చిరి. పేరు చూచి రెంటిని ఒకటిగా తలచుట సులభము.

డిసెంబరు 8వ తేదీ, అర్ధరాత్రి దాటిన కొంతసేపటికే జపానువారు ఆ తీరమున దిగిరి. పెర్ల్ హార్బరుపై దాడి అప్పటి కింకను మొదలు కాలేదు. ఇసుకలో ముండ్లతీగెల వెనుక డోగ్రా సిపాయిలు గట్టిగా పోరాడిరి. జపాను రవాణానౌక యొకటి విమానముల బాంబులకు తగులబడెను. తీరము ఊరక చిక్కలేదు.

ఆ సాయంకాలము కథ మారెను. శత్రువు విమానాశ్రయపు సరిహద్దునకు వచ్చెనని వదంతి పుట్టినది. మిగిలిన విమానములు దక్షిణమునకు ఎగిరిపోయినవి. సిబ్బంది కట్టడములకు నిప్పుపెట్టి తరలిపోయిరి. కాని విమానములు దిగు బాటను చెరుపలేదు. పెట్రోలును బాంబులును అట్లే యుండెను! ఆ గందరగోళమున హైదరాబాదు దళపతి హతుడయ్యెను, దళము చెదిరెను. నిలువలేదని ఆ దళమును నిందించిన వారున్నారు. విమానములు వెడలిపోయిన మైదానమున ఆ సిపాయిలు దేనికి కావలి కాయవలెనో ముందుగా వారు చెప్పవలెను. సంస్థానపు రాజమార్గములకును కోటలకును అలవడిన దళమును ఆ తీరమునకు బంపినవారిని ఎవరును అడుగలేదు.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయెను. ఏప్రిలు 6న విశాఖపట్టణముపైనను కాకినాడపైనను జపాను బాంబులు పడినవి. అది 1766లో నిజాము చేజారిన తీరమే. విశాఖలో జనము మూటలు గట్టుకొని లోతట్టు గ్రామములకు పోవుచుండగా, సింగపూరున లొంగిపోయిన భారతసైనికులు వేలకొలదిగా జపాను చెరలో నుండిరి.