వ్రేలికి వెల
(మాచవరము పఠనాలయమున చేసిన ప్రసంగపాఠము)



మిరపకోతలు వచ్చినవన్న, తెల్లవారకమునుపే ఆటోలును ట్రాక్టరులును కూలిజనముతో క్రిక్కిరిసి ఈ పల్నాటి చేలకు వచ్చుట మీరెరిగినదే. 2023 మే 17వ తేదీని ఇట్లే నల్లగొండ జిల్లానుండి బయలుదేరిన ఆటోయు లారీయు పొందుగులవద్ద ఢీకొని కూలిస్త్రీలు పలువురు మృతినొందిరి. ఇట్టివేళ దయతలచి ఇచ్చునది వేరు. చట్టము చొప్పున రావలసినది వేరు. మేము మాటలాడదలచినది ఈ రెండవదానిని గూర్చి.

ఇంగ్లాండున 1897లోనే కార్మిక నష్టపరిహార చట్టము వెలసెను. అదే దొరతనము మనకు దానిని 1923లోగాని దయచేయలేదు. 1924 జూలై 1నుండి అది అమలయ్యెను. ఆలస్యమైనను సూత్రము మేలైనది. యజమాని తప్పును కూలివాడు నిరూపింప నక్కరలేదు. పనిలో, పనివలన దెబ్బతగిలిన చాలును. దేశమంతటికిని ఒకే పట్టిక. బొటనవ్రేలు పోయినచో నూటికి 30 పాళ్ల సంపాదనశక్తి పోయినట్లు లెక్క. 2020 జనవరిలో ఆ చట్టము క్రింద నిర్ణయించిన గరిష్ఠవేతనము 15,000 రూపాయల చొప్పున, 40 ఏండ్లవానికి ఆ వ్రేలికై 4,97,259 రూపాయలు రావలెను. వ్రేలికి వెలకట్టుటయా యని కొందరు ముక్కు విరుతురు. వెలలేని వ్రేలు ఊరకే తెగుచున్నదని వారికి మా మనవి.

అయితే ఎవరి వ్రేలికి ఈ వెల? క్వారీపనివాడు పట్టికలో ఉన్నాడు. సేద్యమున ట్రాక్టరు మొదలగు యంత్రశక్తితో చేయు పనివారినే కాక, భూమి సాగుచేయు పనివారినిగూడ పేర్కొనిరి. కావున ఒకే చేనిలో దుక్కిదున్ను డ్రైవరునకు పట్టికలో చోటున్నది. వంగి కాయకోయు అతని భార్యకును చోటు లేకపోలేదు! 2025 జూలైలో సుప్రీంకోర్టు, పనికి పోవు త్రోవలోని ప్రమాదమును, పనితో సంబంధము కనబడినచో, పనిలోనిదిగానే ఎంచవలెనని తీర్పు చెప్పెను. 2025 నవంబరు 21నుండి అమలునకు వచ్చిన సామాజిక భద్రతా స్మృతియు అట్లే పలుకుచున్నది. త్రోవయు లోపలికి వచ్చినది. ఆ పట్టికలో కోతకూలీలను స్పష్టముగ పేరుపెట్టి చెప్పవలెనని మేము కోరుచున్నాము.

కౌలుకు మిరపవేసి, ధరపడి అప్పులపాలైన మేము లక్షలెక్కడ తెత్తుమని రైతుసోదరులు అడుగుదురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. గుంటూరు యార్డున అమ్ముడగు మిరపపై మార్కెట్ రుసుము వసూలగుచున్నది గదా! అందొక పాలు కోతకూలీల బీమాకు తీసిన, భారము ఒక్క కౌలుదారునిపై పడదు.

ఈలోపల మేస్త్రీలు ఒకపని చేయవచ్చును. బండి ఎక్కించునపుడే పేర్లు, ఊళ్లు, కూలిరేటు, చేనుగలవాని పేరు ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. దెబ్బతగిలిన పిమ్మట, "ఆమె మా చేనికి రానేలేదు" అన్న మాట మేము పలుమారు వింటిమి.