దెబ్బ పడితేనే హింసా?

తాడిపత్రి బండల పాలిష్ ఫ్యాక్టరీలో వారమంతా దుమ్ము పీల్చి ఒక మహిళ సంపాదించిన కూలి డబ్బును ఇంటికి రాగానే భర్త లాక్కున్నాడనుకోండి. చెయ్యి ఎత్తలేదు. అయినా అది గృహహింసే. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం డబ్బు దక్కనివ్వకపోవడాన్నీ, తిట్లనూ, కట్నం వేధింపులనూ హింస కిందే లెక్కగడుతుంది. మగబిడ్డ పుట్టలేదని ఎత్తిపొడవడాన్ని పేరుపెట్టి మరీ రాశారు.

మరి కొట్టే మనిషిని మార్చేదెలా? ఆ చట్టం 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు అతన్ని కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. అక్కడ "ఎదురు చెప్పింది, అందుకే కొట్టాను" అనే సమర్థన చెల్లదు. ఆ సంగతి అతనికి ముందే చెప్పాలి. ఇక కొట్టనని అతను హామీ ఇవ్వాలి. సమర్థనకు తావివ్వని ఈ నిబంధన నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. మన పంచాయితీల్లో ముందుగా అడిగేది "నువ్వేం చేశావమ్మా?" అనే కదా! కాలిఫోర్నియాలో ఇలాంటి నేరానికి ప్రొబేషన్ పొందినవాడు 52 వారాల తరగతులకు హాజరు కావాలి. మన చట్టంలో అలాంటి గడువు లేదు. ఉండితీరాలి.

హింస ఆపమని మేజిస్ట్రేటు ఇచ్చే రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ చట్టం కింద నియమించే ప్రొటెక్షన్ ఆఫీసరుకు ఇరుగుపొరుగువారైనా సమాచారం ఇవ్వవచ్చు. మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181.