కార్డు ఇంటాయన కూడా చదవాలి



ఏటా ఈ సభలో పొదుపు, బ్యాంకు లింకేజీ, అప్పు వాపసు గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కాన్పు గురించి, అందులో మగవాళ్ల వంతు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మన దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ బస్తీల్లో నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మొదటి కాన్పుకు అమ్మాయి తల్లిగారింటికి పోతుంది. ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సెక్కించి ఆయన డ్యూటీకి పోతాడు. ఆచారం మంచిదే, అమ్మ దగ్గర అమ్మాయికి కాస్త విశ్రాంతి దొరుకుతుంది. కానీ తల్లీబిడ్డల కార్డు కూడా ఆమె సంచిలోనే పోతుంది. ఆమె రక్తం గ్రూపేమిటో, బీపీ ఎంతుందో ఆయనకు తెలియదు. అడిగితే "అది ఆడోళ్ల ముచ్చట" అంటాడు. మనమూ "మొగోళ్లకేం తెలుస్తది" అని ఊరుకుంటాం. తీరా ఆపద వచ్చిన రాత్రి డబ్బు తేవాల్సింది, బండి పిలవాల్సింది, కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. ఏమీ చెప్పని మనిషిని అన్నీ చూసుకోమంటున్నాం.

ఆ సంతకం చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు దవాఖానల్లోనే అవుతున్నాయి. సంతోషమే. అదే సర్వేలో నూటికి 60కి పైగా ఆపరేషన్లు. ప్రైవేటులో 80 దాటింది. ఆపరేషన్ ఎంతోమంది ప్రాణం నిలబెడుతుంది, కాదనం. కానీ ఎందుకు చేస్తున్నారు, కాసేపు ఆగితే ఏమవుతుంది అని డాక్టరును అడగాలంటే ముందు నుంచీ తెలిసి ఉండాలి. ఆమె స్పృహలో ఉంటే ఒప్పుకోవాల్సింది ఆమే అని కూడా ఆయన మరువొద్దు.

నేర్చుకోవాల్సింది కొంచెమే. 12 వారాల లోపు పేరు రాయించాలి. కనీసం నాలుగు చెకప్‌లు. రోజుకొకటి చొప్పున 180 ఐరన్ గోలీలు. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తం తక్కువున్నవాళ్లే. గోలీ టీతో కాక నీళ్లతో ఇవ్వాలి. ఆ గ్లాసు ఆయనే అందిస్తే తప్పేమీ లేదు. రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం, ఫిట్స్, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయాలి.

ప్రతి నెల 9న ప్రభుత్వ దవాఖానల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలుంటాయి. ఆ రోజు ఆయన వెంట పోతే బాగుంటుంది. కానీ సెలవేదీ? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి బిడ్డ పుడితే 15 రోజుల సెలవుంది. ఆటో నడిపేవాళ్లకు, బట్టల దుకాణంలో నిలబడేవాళ్లకు ఒకరోజు పోతే ఒకరోజు కూలి పోయినట్టే. అందుకే ఈ పని ఒక్క ఇంటి మీదే వదలొద్దు, గ్రూపు కూడా పట్టుకోవాలి.

కాన్పు గదిలో ఒక తోడుమనిషిని ఉండనివ్వాలని, చాటు ఉన్న చోట భర్తనూ అనుమతించవచ్చని 2016లో కేంద్రం చెప్పింది. వరుసగా మంచాలున్న గదుల్లో అది కుదరదు. లోపలికి రానివ్వకపోయినా కార్డు చదివిన మనిషి బయట ఉంటే, లోపలున్న ఆమెకు ధైర్యమే.

ఇక మా తీర్మానం. సభ్యురాలికి గానీ ఆమె బిడ్డకు, కోడలికి గానీ ఐదో నెల రాగానే గ్రూపు పుస్తకంలో రాసుకుందాం. అత్యవసరానికి కొంత డబ్బు పక్కన పెడదాం. ఒక పొదుపు రోజున ఆ ఇంటాయనను కార్డుతో సహా పిలుద్దాం. ఆశా వర్కర్ చదివి చెబుతుంది, ఆయన ఫోన్‌లో ఫోటో తీసుకుంటాడు. ఆమె తల్లిగారింటికి పోయినా ఆ ఫోటో ఆయన దగ్గరే ఉంటుంది. భర్త తోడు లేని చెల్లెలికి గ్రూపులో ఒక అక్క ఆ బాధ్యత తీసుకోవాలి.

సమ్మతమైతే చేతులెత్తండి. వెనకున్న అన్నలు, తమ్ముళ్లు కూడా.