ఏలుబడి పగిలిన చోట: చైనా విప్లవం, తెలంగాణ పోరాటం

చైనా కమ్యూనిస్టు విప్లవం మూలాల గురించి మాట్లాడుకోవడానికి కొత్తూరు దాకా రావడం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. ఈ ఊరు ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉంది. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. అంతకుముందు, 1948 సెప్టెంబరు దాకా, ఈ నేల నిజాం ఏలుబడిలోది. మన తూర్పున నల్లగొండ, వరంగల్ పల్లెల్లో 1946 నుంచి 1951 దాకా సాగిన రైతాంగ సాయుధ పోరాటం నడుమనే మన దేశంలో ‘చైనా దారి’ అన్న మాట ఒక రాజకీయ పత్రంగా రూపు కట్టింది. కాబట్టి చైనా విప్లవం ఎలా పుట్టిందన్న ప్రశ్న తెలుగువాళ్లకు దూరదేశపు ముచ్చట కాదు. ఆ ప్రశ్నకు మనవాళ్లు ఒక జవాబు చెప్పుకున్నారు, దాన్ని నమ్మి ప్రాణాలిచ్చారు. ఆ జవాబు ఎంతవరకు నిలుస్తుందో చూడడమే ఈ ఉపన్యాసం పని. నా వాదన ముందే చెబుతాను. భూమి మీద ఆకలి విప్లవానికి విత్తనం. అయితే ఏలేవాడి పట్టు సడలి, ఏలుబడి పగుళ్లిచ్చిన చోటనే ఆ విత్తనం మొలకెత్తి నిలబడుతుంది. చైనాలో ఆ పగులు ముప్ఫై ఏళ్లకు పైగా పూడలేదు. తెలంగాణలో రెండేళ్లకే పూడిపోయింది.

చైనా కథను చాలామంది 1949 అక్టోబరు 1 నుంచి వెనక్కి చదువుతారు. గెలుపు తెలిసిన తర్వాత దారి అంతా తిన్నగానే కనిపిస్తుంది. మొదటినుంచి చదివితే అలా ఉండదు. 1911 విప్లవంతో మంచూ రాజవంశం కూలింది. 1916లో యువాన్ షికాయ్ చనిపోయాక ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం సేనాధిపతుల చేతికి పోయింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, షాన్‌డుంగ్‌లో జర్మనీకి ఉన్న హక్కులను వెర్సాయ్‌లో జపానుకు కట్టబెట్టారు. దాంతో 1919 మే 4న పెకింగ్ విద్యార్థులు వీధికెక్కారు. ఆ కదలిక నుంచి వచ్చిన చదువుకున్న యువకులే 1921 జూలైలో షాంఘైలో పార్టీ పెట్టారు. ఆ సమావేశంలో కూర్చున్న ప్రతినిధులు పదముగ్గురే. పోలీసులు పసిగట్టడంతో చివరి రోజు చర్చ ఒక సరస్సులో పడవ మీద ముగించారు. జాతీయవాద పార్టీ కోమింటాంగ్‌తో కలిసి నడిచిన ఆ పార్టీని 1927 ఏప్రిల్ 12న కోమింటాంగ్ నేత చాంగ్ కై షేక్ షాంఘైలో ఊచకోత కోశాడు. పట్టణంలో బతికే దారి మూసుకుపోయాకనే మావో జింగ్‌గాంగ్ కొండలెక్కాడు. పల్లెబాట ముందే గీసుకున్న పథకం కాదన్నమాట, పట్టణంలో తగిలిన దెబ్బ నుంచి పుట్టింది.

ఇక్కడ గమనించవలసింది ఆ కొండలు ఎక్కడ ఉన్నాయన్నది. జింగ్‌గాంగ్ హునాన్, జియాంగ్‌షీ రాష్ట్రాల పొలిమేరలో ఉంది. తర్వాత యెనాన్ కేంద్రంగా వెలసిన కమ్యూనిస్టు ప్రాంతానికి పేరే సరిహద్దు ప్రాంతం: మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఒక సేనాధిపతి తరిమితే ఇంకొకడి హద్దులోకి జారుకోవచ్చు. వాళ్లలో వాళ్లు కొట్టుకుంటున్నంత కాలం ఎవడూ చివరిదాకా తరమడు. ఈ మాట నా ఊహ కాదు. 1928 అక్టోబరులో మావో స్వయంగా ఈ ప్రశ్న వేసుకున్నాడు: చుట్టూ శత్రుపాలన ఉండగా చిన్న ఎర్ర ప్రాంతం ఎలా బతుకుతోంది? అతను చూపిన కారణాల్లో మొదటిది, పల్లెల ఆర్థికం ఎక్కడికక్కడ విడివిడిగా ఉండడం, పాలకులు చీలి తమలో తాము ఎడతెగక యుద్ధాలు చేసుకోవడం. అంతకుముందే కదిలిన ప్రజలు, క్రమశిక్షణ గల సైన్యం, పార్టీ ఇవన్నీ ఆ తర్వాత వచ్చాయి. ఒకే సామ్రాజ్యం నేరుగా ఏలే వలస రాజ్యంలో ఇలాంటిది సాధ్యపడదని కూడా ఆ వ్యాసంలోనే రాశాడు. చైనా దారి గురించి మాట్లాడిన వాళ్లు ఈ వాక్యం దగ్గర ఇంకాస్త ఆగి ఉండవలసింది.

ఇప్పుడు తెలంగాణకు వద్దాం. నిజాం సంస్థానం భూమిలో సుమారు 60 శాతం దివానీ, అంటే సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసే భూమి, 30 శాతం జాగీర్లు, 10 శాతం నిజాం సొంత సర్ఫ్-ఎ-ఖాస్. దివానీ భూముల్లోనూ దేశ్‌ముఖులు, పట్వారీలు వేల ఎకరాలు తమ పేర రాయించుకున్నారు. దొర గడీలో వెట్టి, నాగుకు, అంటే వడ్డీకి, తెచ్చిన ధాన్యం, యుద్ధకాలపు లెవీ, ఇవన్నీ పల్లెను పీల్చాయి. 1930లో జోగిపేటలో మొదటి మహాసభ జరుపుకున్న ఆంధ్ర మహాసభ తొలినాళ్లలో భాష, బడి, గ్రంథాలయాల సంస్థ. 1944లో భువనగిరి సభతో అది కమ్యూనిస్టుల నాయకత్వంలో రైతుల సంఘంగా మారింది. పల్లెజనం దాన్ని ‘సంఘం’ అనే పిలుచుకున్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో జరిగిన తగాదా, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపడం, ఇవి తుపాకి పట్టకముందటి సంగతులు. ఆ పల్లెల్లో మావో పేరు విన్నవాళ్లు ఎందరుంటారు? చైనా పుస్తకం చదివి తెలంగాణ రైతు లేవలేదు. రైతు లేచాక, ఆ లేవడానికి పేరు వెతుక్కుంటూ నాయకులు చైనా పుస్తకం తెరిచారు.

ఆ పేరు 1948లో దొరికింది. ఆ ఏడాది కలకత్తాలో జరిగిన భారత కమ్యూనిస్టు పార్టీ రెండో మహాసభ రణదివె నాయకత్వంలో పట్టణ కార్మికుల తిరుగుబాటు బాట పట్టింది. మే, జూన్ నెలల్లో పార్టీ ఆంధ్ర కార్యదర్శివర్గం దానికి ఎదురుగా ఒక పత్రం పంపింది. మన విప్లవం రష్యాకంటే చైనాకు దగ్గరిదనీ, సుదీర్ఘ గెరిల్లా యుద్ధంగా సాగుతుందనీ, మధ్యతరగతి రైతులను, వీలైనచోట ధనిక రైతులను కూడా కలుపుకుపోవాలనీ దాని సారాంశం. మావో 1940లో రాసిన ‘నూతన ప్రజాస్వామ్యం’ దానికి ఆధారం. 1949 జూలైలో రణదివె మావోనే తప్పుపట్టాడు. 1950 జనవరి చివర, మాస్కో నడిపిన కమ్యూనిస్టు పార్టీల సమాచార సంస్థ కోమిన్‌ఫామ్ పత్రిక చైనా దారిని మెచ్చుకోవడంతో తక్కెడ తిరగబడింది. ఆ ఏడాదే చండ్ర రాజేశ్వరరావు అఖిల భారత కార్యదర్శి అయ్యారు. ప్రపంచ కమ్యూనిస్టు చర్చలో తెలుగు పల్లెల అనుభవం ఇంత బరువు తూగిన సందర్భం మరొకటి లేదు.

అయితే ఆ పత్రం రాసిన నాటి పరిస్థితిని గమనించండి. 1947 ఆగస్టు 15న నిజాం భారత యూనియన్‌లో చేరలేదు. నవంబరు 29న ఢిల్లీతో యథాతథ ఒప్పందం కుదిరింది. అటు ఢిల్లీకి అధికారం లేదు, ఇటు నిజాముకు పల్లెల్లో పట్టు లేదు. ఖాసిం రజ్వీ సాయుధ దండు రజాకార్లు ఆ ఖాళీని భయంతో నింపాలని చూశారు. అటు కృష్ణా జిల్లా హద్దు దాటితే మద్రాసు రాష్ట్రం, అక్కడ గెరిల్లా దళాలకు శిబిరాలు, మందులు, మనుషులు దొరికారు. నల్లగొండ నడుమనే మునగాల పరగణా ఉండేది: చుట్టూ నిజాం రాజ్యం, అది మాత్రం కృష్ణా జిల్లాకు చెందిన, 1947 దాకా బ్రిటిష్ ఏలుబడిలోని భూమి. చైనాలో రాష్ట్రాల పొలిమేరలు చేసిన పని ఇక్కడ ఈ హద్దు చేసింది. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం సుమారు 3,000 గ్రామాల్లో, 16,000 చదరపు మైళ్లలో, 30 లక్షల జనం మధ్య గ్రామరాజ్యాలు నడిచాయి. 10 లక్షల ఎకరాలు పంచారు. ఇవన్నీ ఆ పగులు తెరుచుకున్న కాలపు లెక్కలు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం అటు షోలాపూరు నుంచి, ఇటు బెజవాడ నుంచి కదిలింది. 17న నిజాం లొంగిపోయాడు. అయిదు రోజులు. పత్రం వయసు అప్పటికి కొద్ది నెలలే.

దీనికి రాగల అభ్యంతరాలను దాటవేయను. మొదటిది: భూమి పంపకమే అసలు కారణం, మిగతావి సందర్భాలు మాత్రమే. అలాగైతే భూమి పంచిన చోటల్లా విప్లవం నిలవాలి. గ్వాంగ్‌డుంగ్‌లో హైలుఫెంగ్ రైతు ప్రభుత్వం 1927 నవంబరులో ఏర్పడి కొద్ది నెలల్లో కూలింది. జియాంగ్‌షీలో భూమి పంచిన సోవియట్ ప్రాంతాన్ని చాంగ్ సైన్యాలు ఒక్కటిగా చుట్టుముట్టగానే, 1934లో వదిలి పోవలసి వచ్చింది. 80 వేల పైచిలుకు మంది బయలుదేరిన ఆ లాంగ్ మార్చ్‌లో ఏడాది తర్వాత ఉత్తరాన షెన్సీ చేరింది కొన్ని వేల మందే. ఆ పార్టీని మళ్లీ నిలబెట్టింది 1937లో జపాను దండయాత్ర. ఆ ఏడాది 40 వేల చుట్టుపక్కల ఉన్న సభ్యులు 1945కు 12 లక్షలయ్యారు. ఆ ఎనిమిదేళ్లలో మారింది భూమి లెక్క కాదు, ఏలుబడి. జపాను వచ్చి పాత పాలనను పల్లెల నుంచి తుడిచేసింది, దానికి తన పట్టణాలు, రైలు మార్గాలు దాటి నిలిచే బలం లేదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: వలసలో సాధ్యం కాదన్న మాటను మావో రచనల సంపుటిలోనే తర్వాత ఒక వివరణతో సవరించారు కదా? నిజమే. అయితే ఆ సవరణకు చూపిన ఆధారం రెండో ప్రపంచ యుద్ధంలో తూర్పు వలసలను జపాను ఆక్రమించి పాత పాలకులను తరిమేయడం. సవరణ కూడా పగులు మీదనే నిలబడింది. భారతదేశంలో ఆ ఆక్రమణ జరగలేదు. తెల్లవాడు వెళ్తూ సైన్యం, రైలు, తంతి, పోలీసు అన్నీ చెక్కుచెదరకుండా అప్పగించి వెళ్లాడు. చీలిక ఉన్నది సంస్థానాల అంచుల్లోనే. 1951లో అజయ్ ఘోష్, డాంగే, రాజేశ్వరరావు, బసవపున్నయ్య మాస్కోలో స్టాలిన్‌ను కలిసినప్పుడు ఆయన ఎత్తిచూపిందీ ఇదే: చైనా గెరిల్లాలకు వెనుక దన్నుగా మంచూరియా దొరికింది, మీకు అలాంటి వెన్ను లేదు, మీ దేశంలో రైళ్లు దట్టంగా ఉన్నాయి.

మూడో అభ్యంతరం మన దగ్గరే పుట్టింది. ఏలుబడి పగులే కారణమైతే, అదే నిజాం కింద, అదే వెట్టి కింద ఉన్న రాజధాని చుట్టుపక్కల పల్లెలు నల్లగొండలా ఎందుకు లేవలేదు? ఈ ప్రశ్నే నా వాదనకు బలం. దుఃఖం ఒకటే అయినా, ఇటు కోట, కంటోన్మెంటు, కొత్వాలు దగ్గర. తప్పించుకోవడానికి హద్దు దూరం. సంఘం పని ఇటు పలచగా ఉందన్నదీ నిజమే, దాన్ని నేను తీసివేయడం లేదు. అయితే సంఘం అటు చిక్కబడడానికీ ఆ హద్దే తోడ్పడింది.

చివరి అభ్యంతరం: పోరాటం ఓడలేదు, నాయకులు విరమించారు. 1951 అక్టోబరు 21న విరమణ జరిగింది. ‘పోలీసు చర్య’గా పేరుపడిన ఆ 1948 సైనిక చర్య తర్వాత కొనసాగించాలా వద్దా అన్నది పార్టీలోనే రెండు వర్గాల మాట. రావి నారాయణరెడ్డి ఆపాలన్నారు, దేవులపల్లి వెంకటేశ్వరరావు వంటివారు సాగించాలన్నారు. ఎవరి త్యాగాన్నీ తగ్గించి మాట్లాడడానికి నాకు హక్కు లేదు. దాదాపు 4,000 మంది ప్రాణాలు పోయాయని సుందరయ్య రాశారు. అయితే 1948 తర్వాత దళాలు మైదానపు పల్లెలు వదిలి గోదావరి అడవుల్లోకి జరిగిన దారి చూస్తే, విరమణ నిర్ణయం కంటే ముందే నేల జారిపోవడం మొదలైందని అర్థమవుతుంది. పైగా కొత్త ప్రభుత్వం తుపాకి ఒక్కదానితో రాలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వంలో కలిసింది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే భూమి దానం అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిచ్చారు. 1952 ఎన్నికల్లో నల్లగొండ రావి నారాయణరెడ్డిని నెహ్రూకన్నా పెద్ద ఆధిక్యంతో పార్లమెంటుకు పంపింది. తుపాకి దించిన జనం ఓటు ఎత్తారు.

కాబట్టి రెండు దేశాల కథను ఒక వాక్యంలో పోల్చవలసి వస్తే ఇలా అంటాను. చైనాలో పాత ఏలుబడి కూలిపోతే భూమి పంచినవాళ్లు రాజ్యానికి వచ్చారు. ఇక్కడ కొత్త ఏలుబడి కుదురుకోవడానికి, పోరాడినవాళ్లు లేవనెత్తిన భూమి ప్రశ్నకు ఎంతో కొంత జవాబు చెప్పుకోక తప్పలేదు. ఆ జవాబు అరకొర అని ఈ సభలో చాలామంది అంటారు, నేనూ అంటాను. జాగీరు పోయినా కౌలుదారు చేతికి పట్టా రాని ఊళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ అరకొరతనం లెక్క తేల్చాలంటే పెకింగ్ పుస్తకాలు చాలవు. 1950 నాటి కౌలుదారుల జాబితాలు, పహాణీలు, ఊరూరి వృద్ధుల నోటిమాటలు కావాలి. ఈ రెండు రోజుల పత్రాలు చైనా మూలాలను చైనా నేల మీద, మన మూలాలను మన నేల మీద వెతుకుతాయన్న నమ్మకంతో సదస్సును ప్రారంభిస్తున్నాను.