శాంక్షను అంటే మంజూరా, నిషేధమా?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఆర్థిక ఆంక్షల మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారి ఆజ్ఞ. నేను ఆర్థిక శాస్త్రం చదివినవాణ్ణి కాను. ట్రెజరీలో ముప్పై ఏళ్ళకు పైగా బిల్లులు పరిశీలించిన గుమాస్తాను. మన ఆఫీసుల్లో శాంక్షను అంటే మంజూరు. ఆ ఆర్డరు చేతికొస్తే మనిషి ముఖం వెలిగేది. దేశాల మధ్య వ్యవహారంలో అదే మాటకు అర్థం తిరగబడుతుంది. కొనవద్దు, అమ్మవద్దు, డబ్బు కదలనివ్వవద్దు అని.

ఇరాక్ సంగతి చెబుతాను. దానితో మా వీధికి చిన్న లెక్క ఉంది.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. 6వ తేదీన భద్రతా మండలి 661వ తీర్మానం చేసి ఆంక్షలు విధించింది. మందులకు మినహాయింపు ఇచ్చారు. కానీ చమురు అమ్ముకోనివ్వకుండా మందులు కొనుక్కోమంటే ఏమి పెట్టి కొంటారు? జీతం ఆపేసి, బజారు తెరిచే ఉంది కదా అన్నట్టుంది.

1991లో కువైట్ విముక్తమైనా ఆంక్షలు 2003 మే దాకా పోలేదు. అంతకు ముందు సర్కారు రేటున ఒక దినారు మూడు డాలర్లకు పైమాట. 1995 చివరికి బజారులో ఒక్క డాలరుకు మూడు వేల దినార్ల దాకా పోయింది. ప్రభుత్వోద్యోగి నెల జీతం రెండు మూడు డాలర్లకు దిగజారింది. ఇక పెన్షనరు సంగతి మీకు నేను చెప్పాలా! బాగ్దాద్‌లో ముతనబ్బీ వీధిలో చదువుకున్నవాళ్ళు తమ ఇంటి పుస్తకాలు నేల మీద పరచి అమ్ముకున్నారు.

1995లో 'చమురుకు ఆహారం' పథకానికి తీర్మానం జరిగింది. మొదటి ధాన్యం చేరేసరికి 1997 మార్చి. చమురు సొమ్ము న్యూయార్కులో ఒక బ్యాంకు ఖాతాలో పడేది. కొనుగోలు కాగితాలు కమిటీకి వెళ్ళేవి. పదిహేను సభ్య దేశాల్లో ఏ ఒక్కటి ఆపమన్నా ఆగిపోవలసిందే. ఎక్కువగా ఆపింది అమెరికా, తరువాత బ్రిటన్. నీళ్ళు శుద్ధి చేసే క్లోరిన్ మీద కూడా, ఆయుధాలకు పనికొస్తుందని కొర్రీ! 2002 నడిమికి 500 కోట్ల డాలర్లకు పైగా సరుకు పెండింగులో ఉంది. కొర్రీలు నేనూ వేశాను, దాచుకోను. కాగితం వెనుక ఎవరి ఇల్లు ఉందో కొర్రీ వేసేవాడికి కనబడదు. ఈ పథకం చూసిన అధికారులు డెనిస్ హాలిడే 1998లో, హాన్స్ ఫాన్ స్పోనెక్ 2000లో రాజీనామా చేశారు.

పోనీ, సద్దాం హుస్సేన్ పస్తున్నాడా? లేదు. రేషను కార్డు ఆయన ప్రభుత్వం చేతిలోనే ఉంది, జనం మరింతగా దాని మీదే ఆధారపడ్డారు. సరుకు పంపే కంపెనీల నుంచి లోపాయికారీగా 10 శాతం కూడా రాబట్టారు. 2005లో వోల్కర్ కమిటీ తేల్చిన ప్రకారం అక్రమ చెల్లింపుల్లో 2,200కు పైగా కంపెనీలున్నాయి.

ఇక మా వీధి లెక్క. 1990లో లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులు ఆ ప్రాంతం నుంచి తిరిగొచ్చారు. మా కడప జిల్లా వాళ్ళు వారిలో ఎందరో. మా పక్కింటి దర్జీ అమ్మాన్ మీదుగా ఒక్క సంచితో వచ్చాడు. కుట్టు మిషన్లు, జీతం బకాయి అన్నీ అక్కడే. ఐక్యరాజ్య సమితి నష్టపరిహారం ఫారం నేనే నింపి పెట్టాను. తలకు 2,500 డాలర్లు. ఏళ్ళ తరువాత డబ్బు వచ్చింది, ఇంటికి మిద్దె వేశాడు. నేనూ సంతోషించాను.

ఆ నిధి ఎక్కడిదో తరువాత చదివి తెలుసుకున్నాను. ఇరాక్ అమ్మిన చమురులో మొదట 30 శాతం, 2000 డిసెంబరు నుంచి 25 శాతం. బాగ్దాద్ పెన్షనరుకు పిండి కొనవలసిన ఖాతా కూడా అదే. దర్జీకి రావలసింది న్యాయంగా రావలసిందే. నేను నింపిన ఫారంలో ఒక్క అబద్ధం లేదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇరాక్ ఆఖరి వాయిదా 2022 జనవరిలో కట్టింది, మొత్తం 5,240 కోట్ల డాలర్లు. ఆ వార్త మా దర్జీకి చదివి వినిపించాను. అతనికీ ఇప్పుడు చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కించుకోబోతూ ఆగి, "అప్పటి లెక్క ఇంకా కడతానే ఉండారా సార్, వాళ్ళు?" అన్నాడు.