మదనపల్లె పిలకాయలు, లండన్ కోర్టు, మన యాస

ఈ వారం ఎపిసోడ్ కొంచెం దూరం పోతుంది, లండన్ దాకా. కానీ బయల్దేరేది మన మదనపల్లె నుంచే.

పోయిన వీడియో కింద ఒకాయన కామెంట్ పెట్టినాడు. "కంటెంట్ బాగుంది బ్రో, ఆ చిత్తూరు యాస తగ్గించి మంచి తెలుగులో చెప్పు" అని. లైకులు కూడా బాగానే పడినాయి దానికి. బెంగళూరులో కోడింగ్ ఉద్యోగం చేసేటప్పుడు ఇదే మాట ఇంగ్లీషు గురించి విన్నా. క్లయింట్ కాల్స్‌కి ముందు ట్రైనింగ్ పెట్టి "ఎంటీఐ తగ్గించుకోండి" అనేవాళ్ళు. మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్ అంట. ఇంగ్లీషులో అమ్మ భాష తగ్గించాల, తెలుగులో ఊరి భాష తగ్గించాల. అన్నీ తగ్గించినాక మిగిలేదేంది సామీ?

బ్రిటన్‌లో నల్లజాతి రచయితలు, వలస వచ్చిన రచయితలు డెబ్బై ఏళ్ళకు పైగా ఇదే అడుగుతా ఉండారు. వాళ్ళకంటే ముందే మన జిల్లా పిల్లోడొకడు ఆ ఊరికి పోయినాడు. ఆ కథ ముందు చెప్తా.

జిడ్డు కృష్ణమూర్తి. రిషివ్యాలీ స్కూల్ పేరు విన్నోళ్ళందరికీ ఈ పేరు తెలుసు. 1895లో మదనపల్లెలో పుట్టినాడు. తెలుగు కుటుంబం, నాయన నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి. అమ్మ సంజీవమ్మ 1905లోనే పోయింది. నాయన రిటైర్ అయినాక మద్రాసులో అడయార్ దివ్యజ్ఞాన సమాజంలో పనికి చేరినాడు. 1909లో అక్కడ లెడ్‌బీటర్ అనే ఇంగ్లీషాయన కృష్ణమూర్తిని చూసి, ఈ పిల్లోడు లోకానికి గురువు అవుతాడన్నాడు. కృష్ణమూర్తిని, తమ్ముడు నిత్యానందని అనిబిసెంట్ తన సంరక్షణలోకి తీసుకునింది. నాయన కాగితం మీద సంతకం కూడా పెట్టినాడు. 1911లో పిల్లలు ఇంగ్లండ్ పోయినారు.

తరవాత నాయన మనసు మారింది. నా పిల్లల్ని నాకు ఇచ్చేయమని 1912లో కేసు వేసినాడు. 1913లో మద్రాసు హైకోర్టు నాయన పక్కే తీర్పు ఇచ్చింది. అనిబిసెంట్ లండన్‌లో ప్రివీ కౌన్సిల్‌కి పోయింది. అప్పుడు మనకు పైకోర్టు అదే. 1914లో అక్కడ ఆమె గెలిచింది. పిల్లలు ఇంగ్లండ్‌లో ఉండారు కాబట్టి మద్రాసులో ఈ కేసు నడవదన్నారు. పిల్లల తరఫు లాయరు కూడా వాళ్ళకి వెనక్కి రావాలని లేదనే చెప్పినాడు. లా చదివే ఫ్రెండ్స్ ఉంటే అడగండి, గార్డియన్‌షిప్ పాఠంలో ఈ కేసు వాళ్ళకి ఇప్పుడు కూడా వస్తుంది.

ఈడ ఒక నిమిషం ఆగాల. మూడేళ్ళు వేరే దేశంలో, వేరే బట్టల్లో, వేరే భాషలో పెరిగిన పిలకాయల్ని "ఇంటికి వస్తారా?" అంటే ఏమంటారు? ఏ ఇంటికి? అప్పటికే అడయార్ నుంచి వాళ్ళ చదువంతా ఇంగ్లీషే. కృష్ణమూర్తి నోట్లోంచి తెలుగు పోయింది. ఆక్స్‌ఫర్డ్ కాలేజీలు ఆయన్ని చేర్చుకోలే. లండన్ యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ పరీక్ష పదేపదే రాసినా పాస్ కాలే. బ్యాక్‌లాగ్స్ ఉండే బీటెక్ తమ్ముళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. 1929లో తన కోసం కట్టిన సంస్థని తానే రద్దు చేసినాడు. ఆ తరవాత 1986లో చనిపోయేదాకా లోకమంతా తిరిగి మాట్లాడినాడు. అంతా ఇంగ్లీషులోనే.

దేశం, మతం, గుంపు, అన్నీ వదిలేయండి అన్నాడాయన. ఆ మాట మీద నాకు గౌరవం ఉంది. కానీ నా లెక్కలో తెలుగు ఆయన వదిలేసింది కాదు. ఆయన దగ్గర్నుంచి పోయింది. రెండిటికీ చానా తేడా ఉంది.

ఇప్పుడు ఇంకో మనిషి. సామ్ సెల్వన్. వెస్టిండీస్‌లో ట్రినిడాడ్‌లో 1923లో పుట్టినాడు. వాళ్ళ నాయన మద్రాసు నుంచి పోయిన మనిషి. మద్రాసు అంటే అప్పుడు మన చిత్తూరు కూడా కలిసిన ప్రెసిడెన్సీ. అట్లని ఆయన్ని తెలుగోడిని చేసేయొద్దు, వాట్సాప్ ఫార్వర్డ్ అయిపోతుంది. 1950లో లండన్ వచ్చినాడు. అంతకు రెండేళ్ళ ముందే, 1948 జూన్ 22న, వెస్టిండీస్ నుంచి వందలమందితో విండ్రష్ ఓడ ఇంగ్లండ్‌లో దిగింది. బ్రిటన్‌లో వలస కథ ఎవురు చెప్పినా ఆ ఓడతోనే మొదలుపెడతారు.

ఆ వచ్చినోళ్ళ మీద సెల్వన్ నవల మొదలుపెట్టినాడు, స్టాండర్డ్ ఇంగ్లీషులో. కదల్లేదంట. అప్పుడు కరీబియన్ జనం మాట్లాడే ఇంగ్లీషులోకి మార్చినాడు. నవల పరిగెత్తింది. అదే 1956లో వచ్చిన 'ది లోన్లీ లండనర్స్'.

ఇందులో కిటుకు ఏందంటే, డైలాగుల్లో యాస పెట్టడం అంతకు ముందు కూడా ఉంది. పనోడు, తాగుబోతు, నవ్వించేవోడు, వీళ్ళకి యాస. కథ చెప్పే రచయితకి మాత్రం శుద్ధమైన భాష. అంటే రచయిత మేడ మీద, పాత్రలు కింద. సెల్వన్ కథ చెప్పే గొంతుకే ఆ యాస ఇచ్చేసినాడు. మేడ తీసేసినాడు.

ఈ పని మన దగ్గర చేసింది ఎవురు? నామిని సుబ్రహ్మణ్యం నాయుడు. మిట్టూరు ఆయన ఊరు. 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కతలు', 'మిట్టూరోడి కతలు'. పేర్లలోనే చూడండి, కథలు కాదు, కతలు. తిరుపతి చుట్టుపక్కల పల్లెలో అమ్మ ఎట్లా మాట్లాడుతుందో కథ చెప్పే గొంతు కూడా అట్లే మాట్లాడుతుంది. కింద అర్థాలు ఇచ్చే పని లే. గిడుగు రామమూర్తి పోరాడి వాడుక భాషని గెలిపించినాడని స్కూల్లో చదివినాం. నిజమే. కానీ గెలిచినాక పుస్తకాల్లోకి ఎక్కువగా వచ్చింది కోస్తాలో చదువుకున్నోళ్ళ వాడుక. మన వాడుక ఇంకా క్యూలోనే నిలబడింది. ప్రళయ కావేరి, అంటే పులికాట్ సరస్సు, ఆ ఒడ్డు మాటని స.వెం. రమేశ్ అట్లే కథల్లోకి తెచ్చినాడు. చదవకపోతే చదవండి, నామినిని ముందు.

సినిమా సంగతి మీకు తెలిసిందే. మన సీమ మాట అంటే ఫ్యాక్షన్ విలన్, లేకుంటే కామెడీ. 2021లో పుష్ప వచ్చినాక హీరో నోట్లో చిత్తూరు యాస పడింది, ఆ పాత్రకే అల్లు అర్జున్‌కి నేషనల్ అవార్డు. సంతోషమే. ఎర్రచందనం స్మగ్లర్ అయితే గానీ మన యాసకి హీరో దొరకలే అనేది ఇంకో సంగతి.

బ్రిటన్‌లో ఆ దారి పెద్దదైంది. లింటన్ క్వేసీ జాన్సన్ అని కవి, జమైకాలో పుట్టి పిల్లోడిగా లండన్ వచ్చినాడు. జమైకా మాట ఎట్లా పలుకుతారో అదే స్పెల్లింగ్ రాస్తాడు. 2002లో పెంగ్విన్ మోడరన్ క్లాసిక్స్‌లో ఆయన పుస్తకం వచ్చింది, ఆ వరసలో మొదటి నల్లజాతి కవి. 2019లో బెర్నార్డిన్ ఎవరిస్టోకి బుకర్, ఆ ప్రైజ్ అందుకున్న మొదటి నల్లజాతి మహిళ. 2021లో అబ్దుల్‌రజాక్ గుర్నాకి నోబెల్. జాంజిబార్ నుంచి శరణార్థిగా వచ్చిన మనిషి. సెల్వన్ నవల నుంచి ఆ నోబెల్‌కి 65 ఏళ్ళు పట్టింది.

మన వలస సంగతి ఏంది మరి? అమెరికా పోయినోళ్ళ వీడియోలు రోజూ చూస్తాం. పీలేరు, రాయచోటి, కడప పక్కన పల్లెల్లోంచి కువైట్‌కి ఇంటిపనికి పోయిన అక్కలు ఉండారు కదా, వాళ్ళ మాట వినండి ఒకసారి. ఖద్దామా, కఫీల్, ఇట్లాంటి అరబ్బు మాటలు మన సీమ తెలుగులో కలిసిపోయి వస్తాయి. సెల్వన్‌కి లండన్‌లో దొరికిన భాష లాంటిదే ఇది, మనింట్లోనే పుట్టింది. అది యాడ ఉందంటే ఇమో యాప్‌లో, వాట్సాప్ వాయిస్ మెసేజుల్లో. ఫోన్ మార్చినప్పుడు, స్టోరేజ్ ఫుల్ అయినప్పుడు పోతుంది.

మీ ఇంట్లో అట్లా పోయిన అమ్మ, పిన్నమ్మ, అక్క ఎవురైనా ఉంటే, ముందు వాళ్ళని అడగండి. సరే అంటేనే ఆ వాయిస్ మెసేజులు ఎక్స్‌పోర్ట్ చేసి డ్రైవ్‌లో పెట్టండి. విని రాయాలనుకుంటే వాళ్ళు పలికినట్టే రాయండి, దిద్దొద్దు. పేర్లు మార్చండి, కఫీల్‌కి తెలిస్తే వాళ్ళకి ఇబ్బంది. నాకు పంపక్కర్లే, మీ దగ్గరే పెట్టుకోండి. ఎట్లా ఎక్స్‌పోర్ట్ చేయాలో తెలీకుంటే కామెంట్‌లో అడగండి, దాని మీద చిన్న వీడియో చేస్తా. ఉంటా మరి.