ఐగుప్తు జ్ఞాపకం: అరణ్యంలో విశ్వాసం, తిరుగుబాటు

ఇశ్రాయేలీయుల అరణ్యయాత్ర గురించి మన ప్రసంగవేదికల మీద తరచూ వినిపించేది ఒకటే మాట: వాళ్లు సణిగారు, దేవుడు శిక్షించాడు. నిర్గమకాండాన్నీ సంఖ్యాకాండాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆ మాట నిలవదు. సముద్రం దాటిన మూడు రోజులకే మారా దగ్గర నీళ్లు చేదుగా ఉన్నాయని జనం మోషే మీద సణిగారు. నీళ్లు తియ్యనయ్యాయి, ఎవరికీ ఏ కీడూ జరగలేదు. సీను అరణ్యంలో ఆకలన్నారు. పూరేళ్లు వచ్చాయి, మన్నా కురిసింది. రెఫీదీములో మోషేను రాళ్లతో కొడతారేమోనన్నంత దాకా వెళ్లారు, అయినా బండలోంచి నీళ్లే వచ్చాయి. తర్వాత సీనాయి కొండ దగ్గర దాదాపు ఏడాది విడిది. అక్కడి నుంచి బయలుదేరి మూడు రోజుల ప్రయాణం సాగిందో లేదో మళ్లీ సణుగుడు. ఈసారి పాళెం అంచున నిప్పు రగిలింది. మాంసం కావాలని ఏడిస్తే మళ్లీ పూరేళ్లే వచ్చాయి గాని, ఆ మాంసం పళ్ల మధ్య ఉండగానే తెగులు పట్టుకుంది. అదే జనం, అవే పూరేళ్లు. ఫలితం ఎందుకు తిరగబడింది?

నడుమ సీనాయి నిబంధన ఉంది గనుక, అని వ్యాఖ్యాతలు చెబుతారు. నిజమే, కాని ఆ నిబంధన దేని మీద నిలిచిందో కూడా చూడాలి. పది ఆజ్ఞలకు ముందు దేవుడు తనను తాను పరిచయం చేసుకున్నది లోకాన్ని సృష్టించినవాడిగా కాదు, దాస్యగృహమైన ఐగుప్తు నుంచి వీళ్లను బయటికి రప్పించినవాడిగా. ఒప్పందం మొత్తానికీ పునాది ఒక జ్ఞాపకమే. నా వాదం ఇదే: సీనాయి తర్వాత తిరుగుబాటుగా లెక్కకొచ్చినవాటిలో ఎక్కువ భాగం ఆ జ్ఞాపకాన్ని తారుమారు చేయడమే. బంగారు దూడ ముందు జనం కొత్త సిద్ధాంతమేమీ చెప్పలేదు. ఐగుప్తు నుంచి రప్పించిన దేవుడు ఇదేనన్నారు, అంటే వాక్యాన్ని అలాగే ఉంచి పేరు మార్చారు. సంఖ్యాకాండం 11వ అధ్యాయంలో వాళ్లకు గుర్తొచ్చినవి ఊరికే దొరికిన చేపలు, కీరకాయలు, దోసకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి. ఇటుకల పని, కొరడా, నైలులో పారేసిన మగబిడ్డలు ఆ జాబితాలో లేవు. కనానును చూసి రావడానికి వెళ్లిన వేగులవాళ్లు తిరిగొచ్చాక మరో నాయకుణ్ణి పెట్టుకుని వెనక్కి పోదామన్నారు. చివరకు మోషే మీద తిరగబడ్డ దాతాను, అబీరాములైతే పాలు తేనెలు ప్రవహించే దేశం అన్న బిరుదును తీసి ఐగుప్తుకే తగిలించారు. ఇంతకంటే బాహాటమైన చరిత్ర వక్రీకరణ ఉంటుందా?

సీను అరణ్యంలోనూ మాంసపు కుండల దగ్గర కూర్చున్న రోజులు తలుచుకున్నారు కదా, అప్పుడు శిక్ష ఎందుకు లేదని అడగవచ్చు. అప్పటికి వాళ్లు ఆ జ్ఞాపకానికి సంతకం చేయలేదు. చేయని ఒప్పందాన్ని ఎవరూ ఉల్లంఘించలేరు. దీన్ని మరో వైపు నుంచి బలపరిచే సాక్ష్యం సంఖ్యాకాండం 11వ అధ్యాయంలోనే ఉంది. జనమంతటి భారం మోయలేనని, ఇలాగైతే తనను చంపెయ్యమని మోషే దేవుడితో అంటాడు. ఆ గ్రంథంలో అంత కటువైన ఫిర్యాదులు అరుదు. దానికి జవాబుగా శిక్ష రాలేదు, భారం పంచుకోవడానికి 70 మంది పెద్దలు వచ్చారు. మోషే మొర పెట్టుకున్నాడే గాని ఐగుప్తును పొగడలేదు.

ఇదంతా అసలు జరిగిందా అన్నది బరువైన ప్రశ్నే. 1896లో ఫ్లిండర్స్ పెట్రీ థీబ్స్‌లో వెలికితీసిన మెర్నెప్తా శిలాఫలకం, సుమారు క్రీ.పూ. 1208 నాటిది, ఇశ్రాయేలును అప్పటికే కనాను ప్రాంతపు జనంగా పేర్కొంది. అరణ్యం ఊసు అందులో లేదు. అరణ్యయాత్రలో విడిదిగా గ్రంథం చెప్పే కాదేషు బర్నేయగా ఎక్కువమంది గుర్తించే చోట జరిగిన తవ్వకాల్లోనూ అంత పెద్ద సమూహం విడిది చేసిన ఆనవాళ్లు దొరకలేదు. సంఖ్యాకాండం ఇచ్చే 6,03,550 మంది యోధులన్న లెక్కను చరిత్రగా నిలబెట్టడం కష్టం. నేను మాట్లాడుతున్నది ఒక జాతి తన గతాన్ని ఎలా దాచుకుందన్న దాని గురించి. ప్రాచీన రాజులు తమ విజయాలు చెక్కించుకున్న కాలంలో వీళ్లు పూర్వికుల పరాభవాన్ని గ్రంథానికెక్కించారు. అదీ ఏకకంఠంగా కాదు. యిర్మీయాకు అదే అరణ్యం పెళ్లినాటి ప్రేమగా గుర్తుంది!

తిరగబడ్డవాళ్లలో నా వాదానికి లొంగనివాడు కోరహు. సమాజంలో ప్రతివాడూ పరిశుద్ధుడే, మీరెందుకు హెచ్చించుకుంటారని అతడు మోషే అహరోనులను నిలదీశాడు. ఇందులో ఐగుప్తు ప్రసక్తి లేదు. సీనాయి దగ్గర విన్న మాటనే అతడు వాళ్లకు అప్పజెప్పాడు. సంఖ్యాకాండం 16వ అధ్యాయంలో రెండు కథలు, కోరహుదీ దాతానుదీ, కలిసిపోయాయని 19వ శతాబ్దం నుంచి పండితులు అంటున్నారు. కోరహు భాగంలో యాజకవర్గపు ప్రయోజనం కనిపిస్తుందన్న అనుమానం నాకూ ఉంది. అతడి మాటకు అక్కడ వాదంతో జవాబు రాలేదు, ధూపార్తులతో పరీక్ష వచ్చింది. అయినా కోరహు కుమారులు చావలేదని 26వ అధ్యాయం చెబుతుంది, వాళ్ల పేరిట కీర్తనలూ నిలిచాయి. ఆ తర్వాతి అధ్యాయంలోనే సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు సమాజమంతటి ఎదుట నిలబడి, తమ తండ్రి కోరహు గుంపులోనివాడు కాడని చెప్పి, కొడుకులు లేనంత మాత్రాన అతడి పేరు ఎందుకు మాసిపోవాలని అడిగారు. వాళ్లు అడిగింది వెనక విడిచిన ఐగుప్తులో కాదు, ఇంకా అడుగుపెట్టని దేశంలో భూమి. వాళ్ల మాట న్యాయమైనదని తీర్పు వచ్చింది, వారసత్వ చట్టం మారింది. 36వ అధ్యాయానికి వచ్చేసరికి వాళ్ల వంశపు పెద్దలు వచ్చి, ఆ అయిదుగురూ సొంత గోత్రంలోనే పెళ్లాడాలన్న షరతు పెట్టించారు.